వేడినీటి యంత్రము – ఎర్తు తీగ

తూర్పు కనుమల పాదమున, వేగావతీ తీరమున నున్న మన సాలూరులో చలికాలపు వేకువన వేన్నీళ్లు లేనిదే స్నానము కష్టము. కట్టెలతో నీళ్లు కాచుకొనిన యిండ్లలో నేడు గీజరు వెలసినది. దాని పనితీరును ఇచట సంగ్రహముగా వివరించుచున్నాము.

ట్యాంకులోని హీటింగు ఎలిమెంటు నీటిని కాచును. నిర్ణీతమైన వేడి రాగానే థర్మోస్టాటు విద్యుత్తును ఆపును. అది చెడినచో థర్మల్ కటౌటు ఆపును. ఒత్తిడి మితిమీరినచో సేఫ్టీ వాల్వు నీటిని వెలికి వదలును. కావున దానిని ఎన్నడును బిగించి మూయరాదు.

2000 వాట్ల గీజరు 230 వోల్టుల వద్ద సుమారు 8.7 ఆంపియర్లు గ్రహించును. 15 లీటర్ల నీటిని 20 నుండి 60 డిగ్రీలకు కాచుటకు సుమారు 21 నిమిషములు పట్టును. ఇందులకు 6 ఆంపియర్ల చిన్న సాకెట్టు చాలదు. 16 ఆంపియర్ల సాకెట్టు, 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, ప్రత్యేకముగా ఒక ఎం.సి.బి. కావలెను.

అన్నిటికంటె ముఖ్యమైనది ఎర్తు. ఎలిమెంటు చిట్లినచో విద్యుత్తు ట్యాంకునకు, నీటికి ప్రాకును. ఎర్తు తీగ దానిని భూమికి చేర్చును. 30 మిల్లీఆంపియర్ల ఆర్.సి.సి.బి. వెంటనే సరఫరాను తెంచును. ఎర్తు లేకున్నను నీళ్లు కాగును. అందువలననే ఆ లోపము ప్రమాదము జరుగువరకు కంటికి కానరాదు.

కావున ఇంటనైనను, వసతిగృహముననైనను గీజరును బిగించుటకు ముందే లైసెన్సు గల వైర్‌మన్‌చే ఎర్తును పరీక్ష చేయించవలెనని విద్యార్థులకును, కళాశాల కమిటీ పెద్దలకును మా మనవి.