మేస్త్రీ పోయిన చోట మిగిలిన ఖాళీ: బిలాస్‌పూర్ రైలు కొలువులు

మనుషులను కొలువుల్లోకి తీసుకునే వ్యవహారంలో పనివారు కావలసిన సంస్థ ఒక పక్షం, పని కోరి వచ్చే అభ్యర్థి మరో పక్షం. నియామక వృత్తిలో ఉన్నవారు మొదటి పక్షాన్ని క్లయింటు అంటారు. ఈ ఇద్దరి నడుమ నిలిచిన మనిషి గాని, కార్యాలయం గాని ఇరువురి నమ్మకాన్నీ నిలబెట్టుకోవడం ఎంత కష్టమో, ఆ నమ్మకం చెడితే దెబ్బ ఎవరికి తగులుతుందో తెలుసుకోవడానికి ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ చరిత్ర బాగా ఉపకరిస్తుంది. ఆ పట్టణంలోని తెలుగు కుటుంబాలలో అనేకం రైల్వే కొలువు కోసం వచ్చి స్థిరపడినవే.

1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ, నాగపూర్ నుంచి బిలాస్‌పూర్ మీదుగా అసన్‌సోల్ వైపు సాగే ప్రధాన మార్గాన్ని 1891 నాటికి పూర్తి చేసి, ఆ తరువాత తూర్పు తీరం వెంట వాల్తేరు దాకా విస్తరించింది. 1931లో రాయ్‌పూర్–విజయనగరం మార్గం కూడా పూర్తయ్యాక ఉత్తరాంధ్రకూ ఛత్తీస్‌గఢ్ మైదానానికీ నేరుగా దారి పడింది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల శ్రామికులు ఈ కంపెనీ పట్టాల వెంట ఖరగ్‌పూర్‌కూ బిలాస్‌పూర్‌కూ చేరి అక్కడే తరాలుగా ఉండిపోయారు. బిలాస్‌పూర్ రైల్వే కాలనీలలో సోలాపురి మాత పూజను తెలుగువారు నేటికీ ఏటా జరుపుకొంటున్నారు.

ఆ కాలంలో కింది స్థాయి పనివారిని కుదిర్చే బాధ్యత, భారతీయ పరిశ్రమలలో చాలాచోట్ల, మేస్త్రీ, జమాదారు, సర్దారు అనే మధ్యవర్తులదే. కోస్తా జిల్లాల నుంచి బర్మాకు వలస వెళ్లిన తెలుగు కూలీల విషయంలో ఈ మేస్త్రీ పద్ధతి పూర్తి రూపం దాల్చింది: మేస్త్రీ ఊరికి వచ్చి, ఓడ ఖర్చుకూ ఇంటి అవసరానికీ అడ్వాన్సు ఇచ్చి, మనుషులను తీసుకుపోయి, పనిలో పెట్టి, వారి కూలిలోంచి తన కమీషన్ పట్టుకునేవాడు. అతడు కూలీకి తెలిసిన మనిషి, వారి భాష మాట్లాడేవాడు, యజమానికి కూడా అతడిమీదే నమ్మకం. కనుక బంధం చాలా గట్టిది. అయితే ఆ బంధానికి అప్పు మూలం కావడం వల్ల, పని నచ్చకపోయినా కూలీ వదిలి రాలేకపోయేవాడు. బంధం గట్టిగా ఉన్నంత మాత్రాన అది మంచి బంధమని అనుకోవడానికి వీల్లేదని ఈ పద్ధతి స్పష్టంగా చూపుతున్నది.

భారతదేశంలో శ్రామికుల స్థితిగతులను విచారించడానికి జె.హెచ్. విట్లీ అధ్యక్షతన 1929లో నియమితమైన రాయల్ కమిషన్, 1931లో ఇచ్చిన నివేదికలో ఈ మధ్యవర్తుల పెత్తనాన్ని తప్పుపట్టి, కార్మికులను చేర్చుకునే అధికారాన్నీ తొలగించే అధికారాన్నీ వారి చేతుల్లోంచి తీసివేసి, ఫ్యాక్టరీలలో లేబర్ ఆఫీసరు అనే ప్రత్యేక అధికారిని నియమించాలని సూచించింది. ఆ అధికారికి నిజాయితీతో పాటు ఎదుటి మనిషిని అర్థం చేసుకునే గుణమూ, భాషల్లో నేర్పూ ఉండాలని కమిషన్ భావించడం విశేషం, ఎందుకంటే మేస్త్రీని తొలగించడం ఒక్కటే చాలదనీ, అతడు నిలిచిన స్థానంలో కార్మికుడి మాట వినగల మరొకరు నిలవాలనీ అది గుర్తించింది. ఈ గుర్తింపే ఆ నివేదికలో అన్నిటికంటె విలువైన భాగమని చెప్పవచ్చు. అదే దశాబ్దాలలో బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికులను సంఘటితపరచి, 1928లో పనినుంచి తొలగింపుకు గురైనవారి పక్షాన సమ్మె నడిపిన వి.వి. గిరి, బరంపురంలో పుట్టిన తెలుగువాడు. తరువాతి కాలంలో ఆయన భారత రాష్ట్రపతి అయ్యారు.

స్వాతంత్ర్యానంతరం పోటీ పరీక్ష ఈ మధ్యవర్తుల స్థానాన్ని ఆక్రమించింది. ఆగ్నేయ మధ్య రైల్వే 2003లో బిలాస్‌పూర్ కేంద్రంగా ప్రారంభమైంది. ఆ జోన్‌కు అవసరమైన సిబ్బందిని ఎంపిక చేసే రైల్వే రిక్రూట్‌మెంట్ బోర్డు కూడా అదే పట్టణంలో ఉంది. ఇక్కడ క్లయింటు రైల్వేయే: ఏ విభాగంలో ఎన్ని ఖాళీలున్నాయో తెలుపుతూ జోన్ అధికారులు పంపే కోరికపత్రాన్ని ఇండెంట్ అంటారు. బోర్డు పరీక్ష జరిపి, ఎంపికైనవారి జాబితాను, అంటే ప్యానెల్‌ను, రైల్వేకు అప్పగిస్తుంది. ఇండెంట్‌లో లెక్క తప్పితే ప్యానెల్ కూడా తప్పుతుంది కనుక, ఖాళీల గురించి సంస్థ నిజం చెప్పడమూ, చెప్పినదాన్ని బోర్డు పరిశీలించడమూ ఈ సంబంధానికి పునాది.

అభ్యర్థి పట్ల ఈ బాధ్యత మరింత బరువైనది. అసిస్టెంట్ లోకో పైలట్ కొలువుకు ఏ-వన్ అనే వైద్య ప్రమాణం వర్తిస్తుంది. అద్దాలు లేకుండా రెండు కళ్లకూ పూర్తి చూపు ఉండాలి, లేసిక్ శస్త్రచికిత్స చేయించుకున్నవారు పనికిరారు. పరీక్షలో నెగ్గి వైద్య పరీక్షలో తప్పినవారికి ప్రత్యామ్నాయ ఉద్యోగం ఇవ్వబోమని ప్రకటనలోనే రాస్తారు. ఈ మాట కఠినంగా వినిపించినా, ఏళ్ల తరబడి చదివి చివర భంగపడే యువకుడికి మొదటే చెప్పదగిన మాట ఇదే. 2018 నుంచి అమలులోకి వచ్చిన రుసుము పద్ధతి కూడా ఇలాంటి మర్యాదే: సాధారణ అభ్యర్థి కట్టిన 500 రూపాయలలో 400, ఎస్సీ, ఎస్టీ తదితర వర్గాలవారు, మహిళలు కట్టిన 250 రూపాయలు పూర్తిగా, బ్యాంకు ఛార్జీలు మినహాయించి, పరీక్షకు హాజరైతే తిరిగి వస్తాయి.

నమ్మకం తెగిన సందర్భం 2022 జనవరిలో దేశమంతటికీ కనిపించింది. 35,281 నాన్ టెక్నికల్ కొలువులకు 2019లో ప్రకటన వెలువడగా, సుమారు 1.25 కోట్ల దరఖాస్తులు వచ్చాయి. మొదటి దశ ఫలితాలు 2022 జనవరిలో గాని రాలేదు. ఒకే అభ్యర్థి పేరు పలు జీతపు స్థాయిల జాబితాలలో కనిపించడంతో, ఖాళీలకు 20 రెట్ల మందిని పిలుస్తామన్న హామీ నెరవేరలేదని ఆగ్రహించిన యువకులు బీహార్, ఉత్తరప్రదేశ్‌లలో పట్టాలపైకి వచ్చారు, గయలో రైలు పెట్టెలు తగలబడ్డాయి. నిప్పు పెట్టడం సమర్థనీయం కాకపోయినా, దాదాపు మూడేళ్ల జాప్యం ఆ కోపానికి ఎంతో ఇంధనం సమకూర్చిందని అంగీకరించక తప్పదు. రైల్వే ఒక కమిటీని వేసి అభ్యర్థుల విన్నపాలు స్వీకరించి, ప్రతి జీతపు స్థాయికీ 20 రెట్ల మంది వేర్వేరు అభ్యర్థులను పిలవాలని మార్చిలో నిర్ణయించింది. 2024 నుంచి పరీక్షల వార్షిక క్యాలెండర్ కూడా ప్రకటిస్తున్నది.

అధికారికంగా మాట చెప్పేవారు లేని చోట దళారి మాట చెల్లుతుంది. తమిళనాడుకు చెందిన 28 మందిని, రైల్వే కొలువుల శిక్షణ పేరిట, న్యూఢిల్లీ స్టేషన్‌లో నెల రోజుల పాటు వచ్చిపోయే రైళ్లనూ పెట్టెలనూ లెక్కపెట్టించి కోట్ల రూపాయలు కాజేసిన మోసం 2022 డిసెంబరులో బయటపడింది. వారు అమాయకులు కావడం కన్నా, వారి ప్రశ్నలకు జవాబు చెప్పే నిజమైన మనిషి ఎక్కడా దొరక్కపోవడం పెద్ద కారణంగా తోస్తుంది.

తండ్రి స్థానంలో కొడుకు చేరడం రైల్వే కాలనీలలో చిరకాలపు ఆశ. భద్రతా విభాగాల సిబ్బంది ముందుగా పదవీ విరమణ చేస్తే వారి సంతానానికి కొలువిచ్చే పథకాన్ని పంజాబ్–హర్యానా హైకోర్టు సమానావకాశ సూత్రానికి విరుద్ధంగా పరిగణించడంతో, రైల్వే దాన్ని నిలిపివేసింది. బిలాస్‌పూర్ తెలుగు కుటుంబాలకు ఇది బాధ కలిగించినా, రైల్వేలో బంధువు లేని పల్లె యువకుడికి కూడా అదే తలుపు తెరిచి ఉండాలన్న న్యాయం కాదనలేనిది.

ఉద్యోగంలో ఉండగా మరణించినవారి కుటుంబానికి కారుణ్య నియామకం మాత్రం కొనసాగుతున్నది. ఈ పనిలో వెల్ఫేర్ ఇన్‌స్పెక్టర్ అనే రైల్వే ఉద్యోగి ఆ ఇంటికి స్వయంగా వెళ్లి, కుటుంబ పరిస్థితి తెలుసుకుని, వితంతువు తానే కొలువు కోరుతున్నదో, బిడ్డకు కోరుతున్నదో అడిగి, దరఖాస్తు నింపడంలో తోడ్పడి, పిల్లలు మైనర్లయితే వారు ఎదిగాక కోరే వీలు వివరించి, తన నివేదికను పర్సనల్ విభాగానికి సమర్పిస్తాడు.