ఇంటివద్ద మోటారుకారు ఇంజను దింపుట

మోటారుకారు ఇంజనును బయటికి తీయుట గొప్ప కర్మాగారములలో మాత్రమే జరుగఁదగిన పని యని పలువురు తలఁతురు. కాని కొన్ని పానాలు, ఒక సుత్తి, స్క్రూడ్రైవరు, జాకీ, అద్దెకు తెచ్చుకొన్న చెయిన్‌పుల్లీ యున్నచో ఇంటి వాకిటనే యీ పనిని చేయవచ్చును. ఇందుకు బలముకంటె క్రమము ముఖ్యము. ఆ క్రమమున నేను చేసిన యొక పొరపాటును గూడ ఇందు దాచక తెలియఁజేసెదను. ఏలయన, అది యొక బాలుని చేతికి హాని కలిగించి యుండెడిది.

మా యింట నున్నది పాత అంబాసిడరు కారు. ఈ కార్లను కోల్‌కతాకు సమీపమున నున్న ఉత్తర్‌పారాలో హిందుస్థాన్ మోటార్సువారు 2014 వఱకు తయారుచేసిరి. బ్రిటను దేశపు మోరిస్ ఆక్స్‌ఫర్డు కారు దీనికి మూలము. 1489 ఘన సెంటీమీటర్ల పెట్రోలు ఇంజను దీనిలో చాలకాలము అమర్పఁబడెను. ఇంజను ముందుభాగమునను, దానివెనుక గేరుపెట్టెయు, అచ్చటినుండి వెనుకచక్రములను త్రిప్పు పొడవైన కడ్డీయు నుండును. మూఁత తీసినచో చుట్టును చేయి పెట్టుటకు చాలినంత చోటు కలదు. కావున నేర్చుకొనువారికి ఇది యనుకూలమైన బండి.

మా కారు నీలిపొగ వదలుచుండెను. పిస్టను రింగులు అఱిగి, నూనె సిలిండరులోనికి చేరి మండుచున్నదనుటకు అది గుర్తు. సిలిండర్లను మరల బోరు చేయింపవలసినప్పుడు ఇంజను దింపక తప్పదు. కార్బురేటరు, నీటిపంపు, పైనుండు హెడ్డు మొదలగువాని మరమ్మతునకు దింపనక్కఱలేదు. గోపురము కట్టఁబూనిన మనుష్యుని గుఱించి మన ప్రభువు చెప్పిన యుపమానమును ఇచ్చట తలఁచుకొనుట మంచిది. పనికిఁ బూనుటకు ముందే దాని యక్కఱను, వ్యయమును లెక్కించుకొనవలెను.

నాకు సాయము వచ్చినవాఁడు బోధను చక్కెర ఫ్యాక్టరీలో ఫిట్టరుగా పనిచేసి విశ్రమించిన వృద్ధుఁడు. నిజాము ప్రభుత్వ కాలమున 1937లో స్థాపింపఁబడిన ఆ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూఁతపడినది. చెఱకుగానుగల రోలర్లను ఎత్తి దింపిన యా చేతులకు బరువు అనఁగా నేమో బాగుగా తెలియును.

మొదట కారును చదునైన గట్టినేలపై నిలిపి, చక్రములకు రాళ్లు అడ్డుపెట్టితిమి. పిదప బ్యాటరీనుండి కారు దేహమునకు పోవు ఎర్తుతీఁగను ముందుగా విప్పితిమి. దీనికి కారణమును విద్యార్థులు గ్రహింపవలెను. రెండవ తీఁగను ముందు విప్పఁబోయి, పానా కారు ఇనుమునకు తగిలెనా, విద్యుత్తు ఒక్కసారిగా ప్రవహించి నిప్పురవ్వలు లేచును. ఎర్తు ముందే తీసినచో ఆ ప్రవాహమునకు దారి యుండదు.

ఇంజను చల్లారిన పిమ్మట రేడియేటరు నీటిని, నూనెను వేర్వేఱు పాత్రలలోనికి దింపవలెను. నీటిలో కలుపు కూలెంటు తియ్యగా నుండును గాని విషము. కుక్కలు, పిల్లులు నాకకుండ దానిపై మూఁత పెట్టవలెను. నూనెను కాలువలో పోయరాదు. నిజాంసాగరు నీరు పొలములకు పాఱు నాడులలో నివసించు మనకు ఈ మాట వేఱుగ చెప్పనక్కఱలేదు. పెట్రోలు గొట్టమును విప్పిన వెంటనే దాని నోటిని బిరడాతో మూయవలెను. ఆ దరిదాపులకు బీడీ గాని దీపము గాని రానీయరాదు.

పిదప మూఁతను, రేడియేటరును, తీఁగలను, పొగగొట్టమును వరుసగా విప్పవలెను. తుప్పుపట్టిన నట్లకు ముందురాత్రియే తుప్పు వదలించు నూనె పోసి యుంచినచో అవి విఱుగక వచ్చును. ప్రతి తీఁగకు ఒక గుడ్డపీలిక కట్టి, దానిపై అంకె వ్రాసి, అదే యంకెను పుస్తకములో నెక్కించితిని. బోల్టులను ఎచ్చటివి యచ్చటివిగా వేర్వేఱు డబ్బాలలో నుంచితిని. విప్పుట ఒక దినపు పని. బిగించుట కొన్ని వారముల తరువాతి పని. అంతవఱకు జ్ఞాపకశక్తిని నమ్మరాదు.

ఇంజనును గేరుపెట్టెనుండి వేఱుచేయుటకు ముందు, ఆ పెట్టెక్రింద జాకీని, దానిపై చెక్కదిమ్మను పెట్టవలెను. ఇంజను తిన్నగా ముందునకు జరిగి, గేరుపెట్టె ఇరుసు క్లచ్చిపలకనుండి పూర్తిగా వెలువడువఱకు దాని బరువు ఆ యిరుసుపై పడరాదు. పడినచో పలక చెడును.

ఎత్తుటకు మా వాకిటి వేపకొమ్మ చాలునని నేను తలఁచితిని. వృద్ధుఁడు తల అడ్డముగా ఊపి, "కొమ్మ ఎంత మోస్తదో కొమ్మ చెప్పది సారూ" అనెను. పిదప బోరుబావి మోటార్లను పైకి తీయువారి ఇనుపగొట్టముల ముక్కాలిపీటను అడిగి తెచ్చి, కాళ్లు జాఱకుండ గొలుసుతో కట్టితిమి. దానికి చెయిన్‌పుల్లీ తగిలించితిమి. ఆ యంత్రము శక్తిని సృష్టింపదు. ముప్పదియడుగుల గొలుసు లాగినచో బరువు ఒక్కయడుగు లేచు నట్లు అమర్చినదనుకొందము. రాపిడి లేనిచో నూటయేబది కిలోల బరువునకు అయిదు కిలోల లాగుడు చాలును. బలమున మిగిలినది దూరమున చెల్లింపవలెను.

ఇంజనును పట్టియుంచు చివరి బోల్టులు తీసి, గొలుసు లాగితిమి. ఇంజను రెండంగుళములు లేచి ఒక ప్రక్కకు ఒరిగెను. ఏదో పట్టుకొన్నది. ప్రక్కన నిలిచియున్న మా అన్న కుమారుఁడు అదేమో చూడఁగోరి ఇంజనుక్రిందికి చేయి చాఁచెను. "చెయ్యి తియ్ బిడ్డా!" అని వృద్ధుఁడు కేక వేసెను. బాలుఁడు చేయి వెనుకకు తీసికొనిన క్షణముననే ఒరిగిన ఇంజను జాఱి చట్రమునకు ధనమని తగిలెను. వెదకి చూడఁగా ఇంజనుకును చట్రమునకును నడుమ నున్న ఎర్తుపట్టీ ఇంకను బిగిసియే యుండెను. నా పుస్తకములో దానికి అంకె లేదు. అనఁగా నేను దానిని చూడనేలేదు.

నాఁటినుండి రెండు నియమములు నాకు కంఠస్థములు. బరువు లేచిన మొదటి రెండంగుళములయందే ఆఁగి, చుట్టును తిరిగి, ఇంకను ఏమి తగులుకొని యున్నదో కన్నులతో వెదకవలెను. వ్రేలాడు బరువుక్రింద చేయి గాని, కాలు గాని, తల గాని పెట్టరాదు. కారుక్రింద దూఱవలసి వచ్చినచో జాకీని గాని ఇటుకలను గాని నమ్మక, గట్టి ఇనుపస్టాండ్లపై నిలుపవలెను.

పట్టీ విప్పి ఇంజనును తగినంత ఎత్తి, కారును వెనుకకు నెట్టి, వెంటనే చెక్కదిమ్మలపైకి దింపితిమి. ఎత్తిన బరువును గాలిలో నుంచి భోజనమునకు పోరాదు.

తరువాత బిగించునపుడు అంకెలన్నియు సరిపోయెను, ఒక్కటి తప్ప. ఆ పట్టీకి ఇప్పుడు పుస్తకములో మొదటి యంకె వేసియున్నాను. బాలుని చేయి క్షేమముగా నున్నది; అదే చేయి ఆ పుస్తకమును పట్టుకొని, నేను బిగించుచుండఁగా అంకెలు చదివెను.