రేగడి తోటలో నీళ్ళు ఇంకట్లేదా? ముందు ఒక గ్లాసు, ఒక మట్టి పెళ్ళ



ఎరువు తగ్గించలేదు, తడి తప్పలేదు, అయినా మల్బరీ ఆకు చిన్నదవుతోందా? నల్లరేగడిలో తోట ఉన్నవాళ్ళు ఒకసారి నేల వైపు చూడండి.

వేసవిలో నెర్రెలివ్వడం రేగడికి రోగం కాదు, దాని గుణం. ఆ బంకమన్ను పేకముక్కల కట్టలాంటిది. పొరల మధ్య నీళ్ళు చేరితే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుంటుంది. కాల్షియానికి రెండు చేతులున్నాయనుకోండి, పొరలను దగ్గరగా పట్టి ఉంచుతుంది. సోడియానికి ఒకటే చెయ్యి, పైగా ఒళ్ళంతా నీళ్ళు కప్పుకుని ఉంటుంది. అది ఎక్కువైతే పొరలు విడిపోతాయి. విడిపోయిన సన్న బంక నేలలోని సందులను పూడ్చేస్తుంది. అప్పుడు పైన నీళ్ళు నిలుస్తాయి, కింద వేరుకు దాహం తీరదు. ఆకులో తేమ తగ్గితే పురుగు సరిగా మేయదు, గూడు తేలిపోతుంది.

సోడియం చాలాసార్లు మన బోరులోంచే వస్తుంది. బైకార్బనేట్ ఎక్కువున్న నీళ్ళు నేలలోని కాల్షియాన్ని సున్నంగా గడ్డకట్టిస్తాయి, సోడియం మిగిలిపోతుంది. మహారాష్ట్రలో అకోలా, అమరావతి, బుల్డాణా జిల్లాల పూర్ణా లోయలో బోరుతో పని లేకుండా, వాన తక్కువై, నేలలోనే ఇది జరిగింది. మట్టి పట్టి ఉంచే లవణాల్లో సోడియం వంతు 15 శాతం దాటితే కారు చౌడు అని లెక్క. ఆ లోయ రేగడిలో మాత్రం 5 శాతం దగ్గరే నీరు ఇంకడం బాగా తగ్గిపోయింది.

పరీక్ష ఇంట్లోనే చెయ్యొచ్చు. రేగుపండంత ఎండిన పెళ్ళను గ్లాసుడు వాన నీళ్ళలో మెల్లగా వదలండి. కలపొద్దు, కదపొద్దు. రెండు గంటల తర్వాత, మళ్ళీ మర్నాడు చూడండి. పెళ్ళ విరిగినా నీళ్ళు తేటగా ఉంటే పశువుల ఎరువు, పచ్చిరొట్ట చాలట్లేదేమో చూసుకోండి. పెళ్ళ చుట్టూ మబ్బులా బురద లేస్తే సోడియం అని అనుమానించాలి. బోరు నీళ్ళతో చేస్తే మోసపోతాం, వాటిలోని ఉప్పు బంకను విడిపోనివ్వదు. తొలి వానకే తోట బిగుసుకుపోవడానికి కారణం కూడా ఇదే.

అనుమానం వస్తే మట్టి, నీళ్ళు రెండూ ల్యాబుకు పంపండి. జిప్సం మోతాదు ఆ రిపోర్టు చూసే వెయ్యాలి, పక్క తోటను చూసి కాదు. వానలకు ముందు సాళ్ళ మధ్య చల్లి పైమట్టిలో కలపండి. జిప్సంలోని కాల్షియం సోడియాన్ని తోసేస్తుంది, వాన దాన్ని కిందికి కడుగుతుంది. మురుగు కాలువ లేకపోతే ఖర్చు దండగ. ఈ నేలకు సున్నం మాత్రం వెయ్యకండి, అది ఇక్కడ కరగదు. ఖాళీ చేనుంటే జీలుగ చల్లి కలియదున్నండి.

మీ గ్లాసు ఫోటో గ్రూపులో పెట్టండి, అందరం చూద్దాం.