మేస్త్రీ పేరు మీద రిజిస్ట్రేషన్

మా తాతగారు తెనాలి దగ్గర పల్లెలో పెంకుటిల్లు తీసేసి డాబా కట్టించినప్పుడు నాకు పదేళ్ళు. తాపీమేస్త్రీకి ఆయన డబ్బిచ్చిన పద్ధతి ఇప్పటికీ గుర్తే. బయానా కొంత, పునాదులు లేచాక కొంత, స్లాబు పడ్డాక కొంత, సున్నాలు వేశాక మిగతాది. తాతగారి చదువు ఐదో తరగతి. ఆయన మనవణ్ణి నేను కంప్యూటర్స్‌లో మాస్టర్స్ చేసి, ఇక్కడ డాలస్‌లో కంపెనీలకు కన్సల్టింగ్ చేస్తూ బతుకుతున్నాను. అయినా 2016లో మా ఆవిడ కూచిపూడి క్లాసులకు వెబ్‌సైటు చేయించినప్పుడు తాతగారి తెలివిలో పావు వంతు కూడా వాడలేదు.

హైదరాబాద్‌లో ఒక కుర్రాడు, ఫ్రీలాన్సర్. మా తోడల్లుడికి తెలిసినవాడు. ఫోన్‌లో మర్యాదగా మాట్లాడాడు. మనవాడే కదా అని 900 డాలర్లు ఒక్కసారే పంపేశాను. ఎన్ని పేజీలు, ఎప్పటికి ఇవ్వాలి, తర్వాత ఎవరు చూసుకోవాలి, ఒక్క ముక్క కాగితం మీద పెట్టలేదు. "డొమైన్ కూడా నువ్వే కొనెయ్యి బాబూ, నాకు తీరిక లేదు" అన్నాను. సైటు మాత్రం ముచ్చటగా వచ్చింది. పిల్లల ఫోటోలు, క్లాసుల వేళలు, రంగప్రవేశం వీడియోలు, అన్నీ అందులోనే.

2019 వేసవిలో ఒక ఆదివారం పొద్దున్నే ఒక పాప తల్లి ఫోన్ చేసింది. "టీచరుగారూ, మీ సైటు తెరిస్తే పేకాట వస్తోందేమిటండీ? పాప చూసేసింది" అని. తీసి చూస్తే నిజమే. పేరు మాదే, లోపల జూదం ప్రకటనలు. అప్పటికే వార్షికోత్సవానికి 300 కరపత్రాలు పంచాం, అన్నిటి మీదా అదే అడ్రసు. మా ఆవిడ ఆ రోజు నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అని ఉంటే బాగుండేది.

ఇలా ఎందుకవుతుందో చెబుతాను. డొమైన్ పేరు మనం కొనేది కాదు, ఏడాదికో కొన్నేళ్ళకో అద్దెకు తీసుకునేది. డాట్ కామ్ పేరుకు గడువు దాటినా కట్టుకోవడానికి సాధారణంగా కొన్ని వారాలు, ఎక్కువలో ఎక్కువ 45 రోజులు, అవకాశం ఇస్తారు. ఆ తర్వాత మరో 30 రోజులు జరిమానాతో విడిపించుకోవచ్చు. అదీ దాటితే ఐదు రోజులకు పేరు బజార్లో పడుతుంది, ఎవరైనా ఎగరేసుకుపోవచ్చు. హెచ్చరికలన్నీ పేరు ఎవరి ఖాతాలో ఉందో వాళ్ళకే వెళతాయి. మా విశాఖపట్నం స్నేహితులు ఇళ్ళ స్థలాన్ని సైటు అంటారు. నేను చేసిందల్లా సైటు కొని మేస్త్రీ పేరు మీద రిజిస్ట్రేషన్ చేయించడం!

ఫోన్ చేస్తే అతని నంబరు పనిచేయలేదు. కనిపించిన ప్రతివాడితోనూ "మోసపోయాం" అన్నాను. ఆ డిసెంబరులో హైదరాబాద్ వెళ్ళినప్పుడు మా తోడల్లుడు పట్టుబట్టి అమీర్‌పేటలో ఒక టీ కొట్టు దగ్గర అతన్ని కలిపించాడు. కడిగేద్దామనే వెళ్ళాను. అతను లాప్‌టాప్ తెరిచాడు. మొదటి రెండేళ్ళ రెన్యూవల్ తన జేబులోంచే కట్టాడు. మూడో ఏడు నాకు మూడు మెయిళ్ళు పెట్టాడు, నేను ఎప్పుడో చూడటం మానేసిన పాత అడ్రసుకి. "ఐదు పేజీలన్నారు సార్, పద్నాలుగు చేయించారు. ప్రతిసారీ చిన్న మార్పే కదా అన్నారు" అన్నాడు, గొంతు పెంచకుండానే. ఆఫీసులో క్లయింటు బటన్ రంగు మార్చమన్నా కాగితం రాయించి సంతకం పెట్టించుకునే మనిషిని నేను. టీ చల్లారిపోయింది. పై పేజీలకు లెక్క కట్టి అక్కడే ఇచ్చేశాను. పేరు మాత్రం తిరిగి రాలేదు.

ఇప్పుడు నా పద్ధతి వేరు. డొమైన్, హోస్టింగ్ రెండూ మన ఖాతాలో, మన కార్డుతో, ఆటో రెన్యూవల్ పెట్టి. డిజైనర్‌కి మన పాస్‌వర్డ్ ఇవ్వకుండా వేరే యూజర్‌గా చేర్చి, పని అయ్యాక తీసేస్తాను. డబ్బు తాతగారి లెక్కే: బయానా, నమూనా నచ్చాక కొంత, పేజీలన్నీ నడిచాక కొంత, ఫైళ్ళు చేతికొచ్చాక ఆఖరిది. ఎన్ని మార్పులు ఉచితమో ముందే రాసుకుంటాం. ఆఖరి వాయిదా ఒక్క రోజు కూడా ఆపను.

ఏ దారిన పంపుతున్నారో కూడా చూసుకోండి. జెల్‌లో వెళ్ళిన డబ్బు వెనక్కి రాదనే అనుకోవాలి. పేపాల్‌లో ఫీజు మిగుల్తుందని స్నేహితులూ బంధువుల పద్ధతిలో పంపితే కొనుగోలుదారుకిచ్చే రక్షణ ఉండదు. క్రెడిట్ కార్డయితే, ఒప్పుకున్న పని అందలేదని స్టేట్‌మెంటు పంపిన 60 రోజుల్లోగా రాసి అభ్యంతరం చెప్పే హక్కు 1974 నాటి ఫెడరల్ చట్టం ఇచ్చింది. అప్‌వర్క్‌లో ఒక్కో దశ డబ్బు ముందే వాళ్ళ దగ్గర జమ చేస్తాం. డిజైనర్ పని అప్పగించాక 14 రోజులు మనం పలక్కపోతే అది అతనికి వెళ్ళిపోతుంది. కాబట్టి అప్పగించగానే చూసుకోవాలి.

చాలామందికి తెలియనిది మరొకటుంది. డబ్బు మనం ఇచ్చినంత మాత్రాన డిజైన్ మనది కాదు. వాషింగ్టన్‌లో ఇల్లు లేనివాళ్ళ కోసం పనిచేసే ఒక సంస్థ రీడ్ అనే శిల్పి చేత విగ్రహం చేయించుకుంది. హక్కు ఎవరిదన్న గొడవ సుప్రీంకోర్టు దాకా వెళితే, 1989లో కోర్టు అతను ఉద్యోగి కాదు, స్వతంత్రంగా పనిచేసినవాడు, కాబట్టి అది సంస్థ ఉద్యోగి చేసిన పని కింద లెక్కకు రాదని తేల్చింది. ఫ్రీలాన్సర్‌దీ అదే దారి: హక్కులు మనకు రావాలంటే రాతపూర్వకంగా, సంతకంతో బదిలీ కావాలి. ఇండియాలో చేయించుకుంటే ఇంకో మెలిక. 1957 కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం బదిలీ కాగితంలో కాలం రాయకపోతే ఐదేళ్ళకే, ప్రాంతం రాయకపోతే ఇండియా వరకే! డాలస్‌లో క్లాసులకు ఇండియా వరకే హక్కెందుకు? "శాశ్వతంగా, ప్రపంచమంతటా" అన్న రెండు మాటలు తప్పకుండా రాయించండి.

మన పిల్లలు కూడా ఈ మధ్య సైట్లు చేసి పాకెట్ మనీ సంపాదిస్తున్నారు. వాళ్ళకొక మాట. ముక్కూ మొహం తెలియనివాడు ఒప్పుకున్నదాని కంటే ఎక్కువకి చెక్కు పంపి, మిగతాది ఫలానా వాళ్ళకు పంపమన్నాడంటే అది మోసం. ఎకౌంట్లో డబ్బు కనపడినా, కొన్ని వారాలకు చెక్కు నకిలీదని తేలితే బ్యాంకు మన దగ్గరే వసూలు చేస్తుంది.

మా అమ్మాయికి పదహారేళ్ళు. మా ఫ్యామిలీ ఫ్రెండ్ ఒకాయన కేటరింగ్‌కి సైటు చేస్తోంది. పని మొదలు కాకముందే ఒక పేజీ కాగితం తెచ్చి ఆయన ముందు పెట్టింది: ఆరు పేజీలు, రెండు మార్పులు ఉచితం, సగం ముందు. నాకు మొహమాటంతో తల ఎత్తాలనిపించలేదు. ఆయన పెద్దగా నవ్వి సంతకం పెట్టారు. మొన్న శనివారం ఫోన్ చేసి, గుత్తివంకాయ ఫోటో కాస్త పైకి జరపమన్నారు.

"తప్పకుండా అంకుల్. ఇది మూడోది, పదిహేను డాలర్లు" అంది.

ఈసారి నేను తల దించుకోలేదు.