కార్డు ఊళ్లో... కడుపు సిటీలో! మీ రేషన్‌ మీ వెంటే వస్తుందని తెలుసా?

సంక్రాంతి అయిపోయాక శ్రీకాకుళం, విజయనగరం నుంచి హైదరాబాద్‌కు తిరిగొచ్చే బస్సు డిక్కీ ఎప్పుడైనా చూశారా? అరిసెల డబ్బా, ఆవకాయ జాడీ, పక్కనే తాడుతో బిగించి కట్టిన బియ్యం మూట. అమ్మ పట్టుబట్టి ఎక్కించిందది. ‘సిటీలో కిలో బియ్యం ఎంతరా నాయనా, ఇక్కడ కోటా బియ్యం ఉన్నాయి కదా, పట్టుకెళ్లు’ అంటుంది. మనం వద్దంటాం, ఆవిడ వినదు. ఆ మూట నెల రోజులు వస్తుంది. తర్వాత మళ్లీ కిరాణా కొట్టే గతి.

అసలు ఆ మూట అంత దూరం మోయాల్సిన పనే లేదు. ఊళ్లో ఉన్న మీ కార్డు మీద కూకట్‌పల్లిలోనో, ఉప్పల్‌లోనో, బెంగళూరులోనో, ముంబైలోనో బియ్యం తీసుకోవచ్చు. దీని పేరే ‘వన్ నేషన్ వన్ రేషన్ కార్డు’. పేరు చాలామంది వినే ఉంటారు. వాడేవాళ్లు మాత్రం తక్కువ. ఎందుకంటే, ‘మన కార్డు ఇక్కడ చెల్లుతుందా?’ అని షాపుకెళ్లి అడగడానికే మొహమాటం. ఆ మొహమాటం పోవాలంటే సంగతి పూర్తిగా తెలియాలి. ఫోన్ చేతిలోనే ఉంది కాబట్టి పని సులువే.

మొదలైంది మన దగ్గరే

చాలామందికి తెలియని ముచ్చట ఒకటుంది. ఒక రాష్ట్రం కార్డుతో ఇంకో రాష్ట్రంలో రేషన్ తీసుకునే ఏర్పాటు దేశంలో మొట్టమొదట మొదలైన జంటల్లో ఒకటి ఆంధ్రప్రదేశ్, తెలంగాణ. రెండోది గుజరాత్, మహారాష్ట్ర. అది 2019 ఆగస్టు. 2020 జనవరి 1 నాటికి 12 రాష్ట్రాలు చేరాయి.

ఆ తర్వాత కరోనా వచ్చింది. లాక్‌డౌన్‌లో పిల్లల్ని ఎత్తుకుని, నెత్తిన మూటలతో హైవేల మీద నడిచిన వలస కూలీల్ని మనమంతా చూశాం. వాళ్లలో చాలామందికి సొంతూళ్లో రేషన్ కార్డు ఉంది. ఉన్నచోట మాత్రం గింజ పుట్టలేదు. ఆ కేసు విచారిస్తూ సుప్రీంకోర్టు 2021 జూన్ 29న గట్టిగా చెప్పింది: జులై 31లోగా అన్ని రాష్ట్రాలూ ఈ పథకాన్ని అమలు చేయాల్సిందేనని. చివరిగా 2022 జూన్‌లో అస్సాం చేరడంతో దేశమంతా ఒకే గొడుగు కిందికి వచ్చింది.

ఎంత వస్తుంది?

జాతీయ ఆహార భద్రతా చట్టం 2013లో వచ్చింది. దాని ప్రకారం మామూలు కార్డులో పేరున్న ఒక్కొక్కరికి నెలకు 5 కిలోలు. అంత్యోదయ కార్డు అయితే ఇంట్లో ఎంతమంది ఉన్నా కుటుంబానికి 35 కిలోలు. 2023 జనవరి నుంచి ఇది పూర్తిగా ఉచితం. 2024 జనవరి 1 నుంచి మరో ఐదేళ్లు పొడిగించారు కూడా. అంటే వేరే రాష్ట్రంలో తీసుకున్నా మీరు రూపాయి కట్టక్కర్లేదు.

ఇక్కడ ఒక మెలిక. వేరే రాష్ట్రంలో మీ వెంట వచ్చేది కేంద్రం కోటా మాత్రమే. సొంత రాష్ట్ర ప్రభుత్వం అదనంగా ఇచ్చేవి సొంత రాష్ట్రంలోనే. తెలంగాణ తన కార్డుదారులకు మనిషికి 6 కిలోల చొప్పున ఇస్తోంది. అదే తెలంగాణ కార్డు పట్టుకుని పుణె వెళితే 5 కిలోల లెక్కే నడుస్తుంది. పంచదార, కందిపప్పు లాంటివి కూడా అంతే, ఊరు దాటి రావు. పైగా అక్కడి షాపులో ఏ ధాన్యం ఇస్తుంటే అదే తీసుకోవాలి. మహారాష్ట్ర వైపు వెళితే బియ్యంతో పాటు గోధుమలూ చేతికొస్తాయి. చపాతీ చేసుకోవడం నేర్చుకోండి మరి!

అమ్మ వాటా జాగ్రత్త

ఇప్పుడు అసలు విషయం. చాలామంది భయం ఇదే: ‘నేను ఇక్కడ తీసుకుంటే ఊళ్లో అమ్మానాన్నలకు ఆపేస్తారేమో!’

ఆపరు. లెక్క ఇలా ఉంటుంది. కార్డులో అమ్మ, నాన్న, మీరు, తమ్ముడు అని నాలుగు పేర్లున్నాయి అనుకుందాం. నెలకు 20 కిలోలు. మీరూ తమ్ముడూ హైదరాబాద్‌లో ఉన్నారు. మీరిద్దరి వాటా 10 కిలోలు ఇక్కడ తీసుకుంటే, మిగతా 10 కిలోలు ఊళ్లో షాపు మిషన్‌లో అలాగే కనిపిస్తాయి. కార్డు మార్చుకోనక్కర్లేదు. అడ్రస్ మార్చుకోనక్కర్లేదు. ఊళ్లో డీలర్‌ను అడగనక్కర్లేదు.

కానీ ఒక్కటి గుర్తుంచుకోండి. కార్డులో పేరున్న ఎవరి వేలిముద్ర పడినా కుటుంబం కోటా తెరుచుకుంటుంది. మీరు ఇక్కడ తొందరపడి మొత్తం 20 కిలోలూ ఎత్తేస్తే, ఆ నెల అమ్మ సంచి పట్టుకుని షాపుకెళ్లి ఉత్త చేతులతో తిరిగి రావాలి. అటు నుంచీ అంతే. వాళ్లు ముందే మొత్తం తీసేసుకుంటే ఇక్కడ మీకు సున్నా చూపిస్తుంది. కాబట్టి షాపుకెళ్లే ముందు ఇంటికి ఒక ఫోన్ కొట్టండి. ‘అమ్మా, ఈ నెల నా వాటా ఇక్కడ తీసుకుంటున్నా’ అని చెప్పండి. షాపులో కూడా ఎన్ని కిలోలు కావాలో ముందే చెప్పండి.

ఫోన్‌లో అకౌంట్ చూసుకునేదెలా?

కేంద్ర ప్రభుత్వ యాప్ పేరు ‘మేరా రేషన్’. 2021 మార్చిలో వచ్చింది. ఇప్పుడు నడుస్తున్నది 2.0. ఆధార్ నంబర్ కొడితే లింకైన ఫోన్‌కు ఓటీపీ వస్తుంది. ఆ తర్వాత ఒక పిన్ పెట్టుకుంటే చాలు. కార్డులో ఎవరెవరి పేర్లున్నాయి, ఈ నెల ఎంత రావాలి, ఎంత తీసుకున్నారు, పాత రసీదులు, దగ్గర్లో రేషన్ షాపులు ఎక్కడున్నాయి... అన్నీ అందులో కనిపిస్తాయి. కొత్త ఏరియాలో దిగినప్పుడు ఆ చివరిది భలే పనికొస్తుంది.

చిక్కు ఎక్కడంటే ఓటీపీ దగ్గర. ఇంటర్ చదివేటప్పుడు నాన్న నంబర్ ఇచ్చి ఆధార్ తీసుకుని ఉంటారు. ఆ సిమ్ ఎప్పుడో పోయి ఉంటుంది. అలాంటప్పుడు ముందు ఆధార్ కేంద్రానికి వెళ్లి ప్రస్తుత నంబర్ ఎక్కించుకోండి. ఈ ఒక్క పని అయితే రేషన్ ఒక్కటే కాదు, సగం సర్కారు పనులు ఫోన్‌లోనే అయిపోతాయి.

ఆంధ్రా కార్డు వాళ్లకు ‘మన మిత్ర’ వాట్సాప్ సేవ కూడా ఉంది. 95523 00009 నంబర్‌కు మెసేజ్ పెడితే మెనూ వస్తుంది. రేషన్ కార్డు సేవలు అందులోనూ దొరుకుతాయి. తెలంగాణ వాళ్లు పౌరసరఫరాల శాఖ వెబ్‌సైట్‌లో కార్డు నంబర్ కొట్టి స్టేటస్ చూసుకోవచ్చు. కార్డులో మార్పుల కోసం మీసేవకు వెళ్లాలి.

షాపుకు ఏం తీసుకెళ్లాలి?

కార్డు ఊళ్లో బీరువాలో ఉన్నా ఫర్వాలేదు. కార్డు నంబర్ లేదా ఆధార్ నంబర్ చాలు. డీలర్ ఈ-పోస్ మిషన్‌లో నంబర్ కొడతాడు, మీరు వేలు పెడతారు, కోటా తెర మీద కనిపిస్తుంది. తూకం వేసుకుని రసీదు తీసుకోండి. నెల మొదటి పదిహేను రోజుల్లోనే వెళ్లడం మేలు. ఆంధ్రాలో 2025 జూన్ నుంచి వ్యాన్లు ఆగిపోయి మళ్లీ షాపుల్లోనే ఇస్తున్నారు. అక్కడ 1 నుంచి 15వ తేదీ దాకా, ఉదయం 8 నుంచి 12, సాయంత్రం 4 నుంచి 8 అని టైం పెట్టారు. డెలివరీ పనికెళ్లే వాళ్లకు సాయంత్రం వీలు పడదు, ఉదయం లేచి వెళ్లిపోవడమే.

మిషన్ ‘కుదరదు’ అంటే?

వెనక్కి వచ్చేయకండి. కారణాలు సాధారణంగా నాలుగు.

ఒకటి, మీ పేరుకు ఆధార్ లింకు కాలేదు లేదా ఈకేవైసీ పూర్తవలేదు. ఈకేవైసీ కోసం ఊరికెళ్లక్కర్లేదు. మీరున్న చోట రేషన్ షాపులోనే వేలిముద్ర వేసి చేయించుకోవచ్చు. ముఖం చూపించి చేసుకునే ‘మేరా ఈకేవైసీ’ యాప్ కూడా వచ్చింది.

రెండు, వేలిముద్ర పడదు. సిమెంటు పని, ఇటుక పని చేసేవాళ్ల వేళ్ల గీతలు అరిగిపోతాయి. పదివేళ్లూ ప్రయత్నించండి. కంటిపాప స్కానర్ ఉందేమో అడగండి. ఆధార్ కేంద్రంలో వేలిముద్రలు మళ్లీ నమోదు చేయించుకున్నా ఫలితం ఉంటుంది.

మూడు, మీది కేంద్రం జాబితాలోని కార్డు కాదు. మన రెండు రాష్ట్రాల్లోనూ రాష్ట్ర ప్రభుత్వాలు సొంత ఖర్చుతో ఇచ్చే కార్డులు లక్షల్లో ఉన్నాయి. అవి సొంత రాష్ట్రంలో ఏ షాపులోనైనా చెల్లుతాయి కానీ, రాష్ట్రం దాటితే చెల్లవు. రైలెక్కే ముందే యాప్‌లో చూసుకోండి.

నాలుగు, డీలర్‌కు మనసు లేదు. ‘బయటివాళ్లకు స్టాక్ లేదు’ అనడం మామూలే. మర్యాదగానే, ‘అన్నా, ఒకసారి మిషన్‌లో నంబర్ కొట్టి చూడండి’ అనండి. అప్పటికీ కాదంటే వన్ నేషన్ వన్ రేషన్ హెల్ప్‌లైన్ 14445 ఉంది, 1967 కూడా ఉంది. అక్కడే నిలబడి డయల్ చేయండి. ఇంకో మాట. ‘బియ్యం ఎందుకులే, డబ్బులు తీసుకో’ అనేవాళ్లూ తగులుతారు. అది నేరం. రికార్డులో మీ వేలిముద్రే ఉంటుందని మర్చిపోవద్దు.

ఆరు నెలలు తీసుకోకపోతే?

‘పది కిలోల కోసం ఇంత తతంగమా?’ అనిపించొచ్చు. కానీ 2025 జులైలో కేంద్రం నిబంధనలు మార్చింది. ఆరు నెలల పాటు అసలు సరుకు తీసుకోని కార్డును తాత్కాలికంగా ఆపేస్తారు. మూడు నెలల్లోగా ఇంటికొచ్చి విచారణ, ఈకేవైసీ చేసి, అర్హత ఉంటేనే మళ్లీ తెరుస్తారు. కుటుంబం మొత్తం తాళం వేసి వలస వెళ్లిపోతే, విచారణకు వచ్చినవాళ్లకు కనిపించేది ఆ తాళమే. పాలమూరు నుంచి ముంబై పనికి వెళ్లే కుటుంబానికైనా, ఒడిశా నుంచి తెలంగాణ ఇటుక బట్టీలకు వచ్చే కుటుంబానికైనా ఇదే ప్రమాదం. ఉన్నచోట రేషన్ తీసుకుంటూ ఉంటే కార్డు బతికే ఉంటుంది.

కొత్తగా పెళ్లయిన అమ్మాయిలు ఇంకోటి చూసుకోవాలి. పుట్టింటి కార్డులో పేరు తీయించకుండా అత్తారింటి కార్డులో చేర్చరు, ఆధార్ దగ్గర ఆగిపోతుంది. ముందు అక్కడ తీయించి, తర్వాత ఇక్కడ పెట్టించుకోవాలి. ఈలోపు పుట్టింటి కార్డు మీద మీ వాటా మీరున్న ఊళ్లోనే తీసుకోవచ్చు, నష్టం లేదు.

ఒక జాగ్రత్త కూడా. ‘మీ రేషన్ కార్డు రద్దవుతోంది, ఈ లింకు నొక్కండి’ అని మెసేజ్ వస్తే నొక్కకండి. ఓటీపీ ఎవరికీ చెప్పకండి. యాప్‌ను ప్లే స్టోర్ నుంచే, ఎవరు తయారుచేశారో చూసి దించుకోండి.

లైన్లో నిలబడటం నామోషీయా?

ఫోన్‌లో అన్నీ ఉన్నా, చాలామంది కుర్రాళ్లను ఆపేది ఇదే. ‘హాస్టల్లో ఫ్రెండ్స్ చూస్తే?’ చూస్తే ఏమవుతుంది! అది ఎవరి దయా కాదు, పార్లమెంటు చేసిన చట్టం ఇచ్చిన హక్కు. మంచి జీతం వచ్చి అర్హత దాటిన రోజున గౌరవంగా వదులుకోండి. యాప్‌లో కార్డు సరెండర్ చేసే వీలు కూడా ఉంది. అప్పటిదాకా రూమ్‌లో ముగ్గురుంటే, ముగ్గురి వాటా కలిపి నెలకు 15 కిలోలు. కిరాణా కొట్లో అవే బియ్యం కొంటే ఎంతవుతుందో మీకే తెలుసు. ఆ మిగిలింది ఇంటికి పంపితే అమ్మ మందుల ఖర్చుకో, చెల్లి ఫీజుకో సాయమవుతుంది.

ఈసారి పండక్కి వెళ్లొచ్చేటప్పుడు అమ్మ మళ్లీ బియ్యం మూట కడుతుంది. ఫోన్ తీసి యాప్‌లో మీ వాటా ఎక్కడ, ఎన్ని కిలోలు తీసుకున్నారో చూపించండి. అప్పుడు మూట దించుతుంది. ఆవకాయ జాడీ మాత్రం దించనివ్వకండి. దానికి ఏ యాప్‌లోనూ పోర్టబిలిటీ లేదు!