833 మందికి ఒక మేయరు



ఓ పెద్ద పెళ్లికి వచ్చేటంత జనం. వాళ్లకో మేయరు, తొమ్మిదిమంది కౌన్సిలర్లు! నమ్మశక్యంగా లేదు కదూ?

బ్రెజిల్ దేశంలో, మీనాస్ జెరైస్ రాష్ట్రంలో ఉంది ఆ ఊరు. పేరు సెర్రా ద సౌదాదే. సెర్రా అంటే కొండల వరుస, సౌదాదే అంటే దూరమైనవాళ్ల కోసం పడే బెంగ. 2022 జనాభా లెక్కల్లో అక్కడ తేలినవారు 833 మంది. దేశంలో అంతకన్న చిన్న మునిసిపాలిటీ లేదు.

అక్కడ పల్లె అయినా మహానగరమైనా పేరు ఒకటే, మునిసిపాలిటీ. 15 వేల జనాభా వరకు తొమ్మిది మంది కౌన్సిలర్లుండవచ్చునంటుంది 1988 రాజ్యాంగం. అంటే ఇక్కడ సుమారు 93 మందికి ఒకరు. సావో పావ్లో నగరంలోనో, రెండు లక్షల పైచిలుకు మందికి ఒకరు! నాలుగేళ్లకోసారి మేయరును ప్రజలే నేరుగా ఎన్నుకుంటారు. చదువు వచ్చి, 18 నుంచి 70 ఏళ్ల లోపు ఉన్నవారు ఓటు వేసి తీరాలి.

మరి డబ్బో? చిన్న ఊళ్లకు సొంత పన్నులు చాలవు. కేంద్రం పంచే నిధే ఆధారం. ఆ పంపకంలో పదివేల లోపు జనాభా ఉన్న ఊళ్లన్నిటికీ ఒకే మెట్టు.

అందుకే 2019లో, సొంత రాబడి చాలని అయిదువేల లోపు ఊళ్లను పొరుగూళ్లలో కలిపేద్దామని ప్రభుత్వం ప్రతిపాదించింది. అది నెగ్గలేదు.

ఖర్చు దండగేనంటారా? కావచ్చు. కాని చిన్నపిల్లల బడి, ఆరోగ్య కేంద్రం, చెత్త ఎత్తడం అన్నీ మునిసిపాలిటీ పనులే. వాటి కోసం అడగవలసిన మనిషి పొరుగూళ్లో ఉండడం వేరు, మన వీధిలో ఉండడం వేరు. ఆలోచించండి.