నెత్తిన లైటు, నడుమున బ్యాటరీ

సింగరేణిలో బాయి దిగే మనిషి ముందు మస్టర్ వేయించుకుంటాడు, తర్వాత ల్యాంప్ రూముకు వెళ్తాడు. అక్కడ వరసగా చార్జింగ్ ర్యాకులు, ఒక్కో లైటుకు ఒక నంబరు ఉంటాయి. తన నంబరు లైటు తీసుకుని, బ్యాటరీని బెల్టుకు తగిలించి, వీపు మీదుగా తీగ లాగి, లైటును టోపీకి ముందున్న కొక్కేనికి దోపుకుంటాడు. షిఫ్టు అయ్యాక దాన్ని తెచ్చి మళ్లీ ర్యాకులో తన నంబరు గూట్లోనే పెట్టాలి. షిఫ్టు దిగి గంట గడిచినా ఒక గూడు ఖాళీగా కనిపిస్తే, ఆ నంబరు మనిషి ఇంకా పైకి రాలేదని అర్థం. కంప్యూటర్లు, సెన్సర్లు రాకముందే గనిలో ఎవరున్నారో ఆ ఖాళీ గూడు చెప్పేది.

పారిశ్రామిక కార్మికుల కోసం, అగ్నిమాపక సిబ్బంది కోసం ఒంటి మీద ధరించే రక్షణ పరికరాలు చాలానే వచ్చాయి. వాటిలో కొన్ని గోడకు వేలాడుతూ ఉండిపోయాయి, కొన్ని తనిఖీ వచ్చిన రోజే బయటికి వస్తాయి. ఈ టోపీ లైటు, అంటే క్యాప్ ల్యాంప్ మాత్రం నూరేళ్లు దాటినా మనిషి నెత్తి దిగలేదు. కార్మికుడు దాన్ని క్షేమం కోసం కాదు, పని కోసం పెట్టుకుంటాడు. అది లేకపోతే తన చెయ్యి తనకే కనపడదు. ఈ ఒక్క సుగుణం వల్లే ఆ తర్వాత వచ్చిన పరికరాలు చాలా ఈ లైటునే ఆశ్రయించాయి.

లైటు రాకముందు గనిలో వెలుగంటే మంటే. బొగ్గు పొరల్లోంచి మీథేన్ వాయువు ఊరుతుంటుంది. గాలిలో అది 5 నుంచి 15 శాతం దాకా కలిసిందంటే ఒక్క నిప్పు రవ్వ చాలు. ఇంగ్లండులోని ఫెల్లింగ్ గనిలో 1812 మే 25న జరిగిన పేలుడులో 92 మంది పోయారు. మూడేళ్ల తర్వాత హంఫ్రీ డేవీ మంట చుట్టూ సన్నని తీగల జల్లెడ చుట్టి సేఫ్టీ ల్యాంప్ చేశాడు. లోపలి మంట వేడిని జల్లెడ లాగేసుకుంటుంది కాబట్టి బయటి వాయువు అంటుకోదు. సైన్సు చరిత్రలో దీన్ని గొప్ప విజయంగా రాస్తారు. సైన్సు వరకు గొప్పదే. గనుల్లో మాత్రం పేలుళ్లు ఆశించినట్టు తగ్గలేదు. ఈ దీపం ఉంది కదా అని, ప్రమాదమని మూసేసిన పొరల్లోకీ యజమానులు మనుషుల్ని దింపారు. తుప్పు పట్టి చిరిగిన జల్లెడలు మంటను ఆపలేకపోయాయి. పైగా దాని వెలుతురు కొవ్వొత్తికి కూడా చాలదు. టన్నుల లెక్కన కూలి తీసుకునే మనిషి ఆ మసక వెలుతురులో ఎంత బొగ్గు కొడతాడు? జల్లెడ విప్పేసి పని చేసినవాళ్లున్నారు. అందుకే దీపాలకు తాళాలు వేయాల్సి వచ్చింది. విప్పకుండా ఏళ్ల తరబడి ఆ వెలుతురులోనే పని చేసినవాళ్లకు కనుగుడ్లు ఆగకుండా అదిరే జబ్బు వచ్చేది. బ్రిటన్‌లో ఒకప్పుడు వేలాది గని కార్మికులు ఆ జబ్బుతో పని మానుకున్నారు.

అమెరికాలో దారి వేరు. అక్కడ చిన్న టీపాట్ ఆకారంలో ఉండే నూనె దీపాన్ని గుడ్డ టోపీకి తగిలించుకునేవారు. చేతులు రెండూ ఖాళీగా ఉంటాయి, ఎటు చూస్తే అటు వెలుగు పడుతుంది. తర్వాత కార్బైడ్ దీపం వచ్చింది. మన దగ్గర మామిడికాయలు మగ్గబెట్టడానికి దొంగచాటుగా వాడే కార్బైడే అది. నీటి చుక్క తగిలితే ఎసిటిలీన్ వాయువు వెలువడుతుంది, దాన్ని వెలిగిస్తే తెల్లగా మండుతుంది. వెలుతురు బాగుంది, కానీ నెత్తి మీద మండేది ఏ అడ్డూ లేని మంట. మీథేన్ ఊరే గనిలో కప్పు కింద, సరిగ్గా ఆ తేలిక వాయువు చేరే ఎత్తులో!

1912 మార్చిలో వెస్ట్ వర్జీనియాలోని జెడ్ గనిలో ఇలాంటి మంటే మీథేన్‌ను అంటించి, 80 మందికి పైగా ప్రాణాలు తీసింది. అమెరికా గనుల బ్యూరోలో పని చేసే జాన్ ర్యాన్, జార్జ్ డీక్ అనే ఇద్దరు మైనింగ్ ఇంజనీర్లను ఆ ఘటన నిద్రపోనివ్వలేదు. మంట లేని దీపం కావాలని వాళ్లు థామస్ ఎడిసన్ దగ్గరికి వెళ్లారు. ఎడిసన్ అప్పటికి ఏళ్ల తరబడి నికెల్-ఇనుము బ్యాటరీ మీద డబ్బూ కాలమూ ధారపోసి ఉన్నాడు. విద్యుత్ కార్ల కోసం దాన్ని తయారు చేశాడు. అది కుదురుకునే సరికి లోకం పెట్రోలు కార్ల వెంట పోయింది. కార్లకు అక్కరకు రాని బ్యాటరీ గని మనిషికి పనికొచ్చింది. 1914లో ర్యాన్, డీక్ ఉద్యోగాలు మాని మైన్ సేఫ్టీ అప్లయెన్సెస్ అనే కంపెనీ పెట్టారు. ఎడిసన్ క్యాప్ ల్యాంపే వాళ్ల మొదటి పెద్ద సరుకు.

విద్యుత్ దీపమైతే మంట ఉండదు, ఇక భయమెందుకు అనిపిస్తుంది. బల్బు పగిలితే? తెల్లగా కాలుతున్న ఫిలమెంటు వాయువును తాకుతుంది. గనిలో తల తగలని కప్పు ఉండదు, రాయి పడని రోజు ఉండదు. అందుకని బల్బును స్ప్రింగు మీద కూర్చోబెట్టారు. అద్దం, బల్బు గాజు కలిసి ఆ స్ప్రింగును అణచిపెట్టి ఉంచుతాయి. గాజు పగిలిన మరుక్షణం స్ప్రింగు విడుచుకుని బల్బు అడుగును బయటికి తన్నేస్తుంది, కరెంటు తెగిపోతుంది. అంటే దీపం తనను తాను ఆర్పుకుంటుంది. బ్యాటరీ పెట్టెకు తాళం వేసి, తాళంచెవిని ల్యాంప్ రూములోనే ఉంచారు. దాన్ని విప్పాలన్న ఆశ కూడా కార్మికుడికి కలగలేదు, ఎందుకంటే ఈసారి వెలుతురు సరిపోయింది. డేవీ దీపానికీ దీనికీ అసలు తేడా నా దృష్టిలో ఇదే.

తర్వాతి పాతికేళ్లలో గని పేలుళ్లు 75 శాతం తగ్గాయని ఆ కంపెనీ చెప్పుకుంటుంది. ఆ ఘనతంతా లైటుకే కట్టబెట్టలేం. గాలి ప్రసారం మెరుగుపడింది, బొగ్గు ధూళి మీద రాతిపొడి చల్లడం మొదలైంది, పేలుడు మందుల మీద నియమాలు వచ్చాయి. అయినా నెత్తి మీది మంట ఆరిపోవడం చిన్న సంగతేం కాదు.

ఒక నష్టం మాత్రం జరిగింది. మీథేన్ ఉన్నచోట పాత దీపం మంట చుట్టూ లేత నీలి టోపీ లాంటి వెలుగు కనిపించేది. దాని ఎత్తును బట్టి వాయువు ఎంత శాతముందో అనుభవమున్నవాళ్లు చెప్పేసేవారు. ప్రాణవాయువు తగ్గితే మంట ఆరిపోయేది. విద్యుత్ బల్బుకు ఆ తెలివి లేదు. విషవాయువులోనూ అది అంతే ధీమాగా వెలుగుతుంది. అందుకే కార్మికుల నెత్తి మీదికి కొత్త లైటు వచ్చాక కూడా సర్దార్, ఓవర్‌మన్ లాంటి పర్యవేక్షకుల చేతుల్లో పాత మంట దీపం చాలాకాలం కొనసాగింది. ఆ పని ఇప్పుడు మీథనోమీటర్లు చేస్తున్నాయి.

టోపీ కూడా మారింది. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుల ఇనుప టోపీలు చూసి వచ్చిన ఎడ్వర్డ్ బుల్లార్డ్, కేన్వాసు గుడ్డను ఆవిరి పట్టి, జిగురు పూసి, నల్ల రంగు వేసి 1919లో గట్టి టోపీ తయారు చేశాడు. దానికి హార్డ్ బాయిల్డ్ హ్యాట్ అని పేరు పెట్టాడు. గట్టి టోపీ వచ్చాక లైటుకు కూడా మంచి ఆధారం దొరికింది.

ఇక లోపలి మనిషితో మాట్లాడే సంగతి. ఇక్కడ గనుల చరిత్ర ఒక చేదు పాఠం నేర్పింది. వేల్స్‌లోని సెంగెనిడ్ గనిలో 1913 అక్టోబరు 14న జరిగిన పేలుడులో 439 మంది కార్మికులు చనిపోయారు. బ్రిటన్ గనుల చరిత్రలో అంతకు మించిన ప్రమాదం లేదు. కారణం కచ్చితంగా తేలలేదు గానీ అనుమానం విద్యుత్ గంటల మీద పడింది. ఆ రోజుల్లో బొగ్గు తొట్లు లాగే యంత్రానికి సంకేతం పంపాలంటే, గని పొడవునా వేలాడే రెండు నగ్న తీగల్ని ఏ ఇనుప ముక్కతోనో కలిపేవారు. అవతల గంట మోగేది. తీగలు విడిపోయేటప్పుడు చిన్న రవ్వ లేచేది. కబురు పంపడానికి పెట్టిన ఏర్పాటే చంపగలదన్నమాట! తర్వాత వీలర్, థార్న్‌టన్ అనే శాస్త్రజ్ఞులు ఆ రవ్వల్ని ప్రయోగశాలలో కొలిచారు. సర్క్యూట్‌లో శక్తిని ఒక హద్దుకు లోబరచి ఉంచితే, తీగ తెగినా రవ్వ వాయువును అంటించలేదని తేల్చారు. ఇంట్రిన్సిక్ సేఫ్టీ అనే సూత్రం అలా పుట్టింది. ఈరోజు గనిలోనే కాదు, రిఫైనరీలో, గ్యాస్ ప్లాంటులో వాడే వాకీటాకీ కూడా ఈ పరీక్షకు నిలబడాలి. జేబులోని మామూలు సెల్‌ఫోన్‌ను గేటు దగ్గరే తీసిపెట్టించడానికి కారణం కూడా ఇదే.

వైర్‌లెస్ వచ్చాక పని సులువవుతుందనుకుంటే, రాయి అడ్డం పడింది. మామూలు రేడియో తరంగాలు భూమిలోకి కొద్ది దూరమైనా వెళ్లవు. చాలా తక్కువ ఫ్రీక్వెన్సీ తరంగాలు వెళ్తాయి గానీ, వాటిని పంపాలంటే పెద్ద తీగ చుట్టే యాంటెన్నాగా వేయాలి. వాటి మీద ఎక్కే సమాచారం కూడా కొంచెమే, నాలుగు మాటల సందేశం వరకు సరిపోతుంది. ఆస్ట్రేలియాలో ఈ కొంచెంతోనే సరిపెట్టుకుని ఒక పరికరం చేశారు. దాని పేరు పెడ్, అంటే పర్సనల్ ఎమర్జెన్సీ డివైస్. రిసీవర్‌ను ఎక్కడ పెట్టారంటే, క్యాప్ ల్యాంప్ బ్యాటరీలో. పైనుంచి సందేశం రాగానే నెత్తి మీది లైటు ఆరుతూ వెలుగుతూ హెచ్చరిస్తుంది. మనిషి నడుము వైపు చూసుకుంటే బ్యాటరీ మీది చిన్న తెరపై అక్షరాలు కనిపిస్తాయి. యంత్రాల హోరులో చెవికి ఏ సైరనూ వినపడకపోవచ్చు, తన లైటు ఆరిపోతే మాత్రం తెలియని మనిషుండడు. 1998 నవంబరులో అమెరికాలోని యూటా రాష్ట్రంలో విల్లో క్రీక్ గనికి నిప్పంటుకున్నప్పుడు ఈ సందేశాలు చూసుకునే కార్మికులు వెంటనే కదిలారు, అంతా బయటపడ్డారు. కాకపోతే కింది మనిషి పైకి బదులివ్వలేడు. అంత పెద్ద యాంటెన్నా, అంత శక్తి నడుముకు కట్టుకోవడం ఎవరి వల్లా కాదు.

ఆ లోటు ఎంత ఖరీదైందో 2006 జనవరి 2న వెస్ట్ వర్జీనియాలోని సాగో గనిలో తెలిసింది. ఆ ఉదయం పేలుడుతో ఫోను లైను తెగిపోయింది. పొగలో దారి మూసుకుపోయినవాళ్లు వెనక్కి వెళ్లి, గుడ్డ తెర కట్టుకుని దాని వెనక కూర్చున్నారు. కప్పుకు కొట్టిన బోల్టు మీద సుత్తితో వంతులవారీగా మోదారు, పైనున్నవాళ్లకు వినపడుతుందేమోనని. వినపడలేదు. రెస్క్యూ దళం చేరడానికి 40 గంటలకు పైగా పట్టింది. ముఖానికి మాస్కులు ఉన్న మనుషులు ఒకరి నుంచి ఒకరికి చేరవేసిన కబురు పైకి వచ్చేసరికి తలకిందులై, పన్నెండు మంది బతికే ఉన్నారని చర్చి దగ్గర ఎదురుచూస్తున్న కుటుంబాలకు చేరింది. సంబరం చేసుకున్న ఆ జనానికి దాదాపు మూడు గంటల తర్వాత నిజం తెలిసింది. చిక్కుకున్న పదమూడు మందిలో చనిపోయింది పన్నెండు మంది, బతికింది ఒక్కరు.

ఆ ఏడాది జూన్‌లోనే అమెరికా గని కార్మికుల రక్షణ కోసం మైనర్ చట్టం చేసింది. గనిలో రెండు వైపులా మాట్లాడుకునే వైర్‌లెస్ ఉండాలి, ప్రతి మనిషీ ఎక్కడున్నాడో పైన తెలియాలి, అందుకు గడువు మూడేళ్లు అంది. గని పొడవునా ఒక ప్రత్యేక కేబుల్ వేసి, ఆ కేబులే తరంగాల్ని దారిపొడవునా వదిలేలా, పట్టేలా చేశారు. చిన్నపాటి రేడియో ట్యాగును చాలా చోట్ల మళ్లీ క్యాప్ ల్యాంపులోనే అమర్చారు. బొగ్గు కోసే యంత్రానికి మనిషి మరీ దగ్గరికి వస్తే యంత్రాన్ని ఆపేసే ట్యాగు కూడా కొన్ని లైట్లలో చేరింది.

ఇన్ని చేర్చినా బరువు పెరగలేదు, తగ్గింది. సీసం-ఆమ్లం బ్యాటరీ రెండు కిలోలు దాటేది, ఒక్కోసారి ఆమ్లం కారి నడుము దగ్గర బట్టను, చర్మాన్ని కాల్చేది. లిథియం బ్యాటరీ, ఎల్ఈడీ వచ్చాక తీగే లేని లైటు వచ్చింది, అరచేతిలో పడుతుంది. ఎల్ఈడీ తెల్లటి వెలుతురులో కాళ్ల కింది అడ్డంకులూ, కంటి పక్కగా కదిలేవీ బాగా కనిపిస్తాయని, ముఖ్యంగా వయసు మళ్లిన కార్మికులకు ఇది మేలని అమెరికాలోని వృత్తి భద్రత సంస్థ నియోష్ పరిశోధకులు తేల్చారు. యాభై దాటాక కూడా బాయి దిగే మనుషులున్న మన సింగరేణికి ఇది పనికొచ్చే మాట.

ట్యాగు మీద కార్మికులకు ఉండే అనుమానాన్నీ తోసిపుచ్చలేం. మనిషి ఎక్కడున్నాడో తెలిసే యంత్రానికి అతను ఎంతసేపు కూర్చున్నాడో కూడా తెలుస్తుంది. జీతం కోయడానికి వాడతారన్న భయం ఉంటే, దాన్ని ఏ మూలనో వదిలేసి పనిలోకి పోతారు, డేవీ దీపం జల్లెడ విప్పినట్టే. ఆ లెక్కలు రెస్క్యూకు తప్ప మరి దేనికీ వాడబోమని యాజమాన్యం రాతపూర్వకంగా ఒప్పుకోవాలి.

ఇలాంటి ప్రమాదాలు మన దగ్గరా జరిగాయి. గోదావరిఖని 7 ఎల్ఈపీ గనిలో 2003 జూన్ 16న నీళ్లు దూసుకొచ్చి 17 మంది పోయారు. 2025 ఫిబ్రవరి 22న నాగర్‌కర్నూల్ జిల్లాలో ఎస్ఎల్‌బీసీ సొరంగం దాదాపు 14 కిలోమీటర్ల లోపల కూలినప్పుడు ఎనిమిది మంది చిక్కుకుపోయారు. వాళ్లు ఏ బురద కింద ఉన్నారో కనిపెట్టడానికి భూమిలోకి చూసే రాడార్లు, కేరళ నుంచి వచ్చిన జాగిలాలు, సింగరేణి రెస్క్యూ దళాలు వారాల తరబడి వెతికాయి. గని కార్మికుడికి లైటు ఇవ్వాలని చట్టం ఉంది, దాని వెనక యూనియన్ ఉంది. సొరంగంలో కాంట్రాక్టరు కింద పని చేసేవాడికి, మ్యాన్‌హోల్‌లో దిగేవాడికి ఆ అండ అంతగా లేదు. సొరంగం పనికి టెండరు పిలిచేటప్పుడు సిమెంటు గ్రేడు, స్టీలు గేజి ఎంత వివరంగా రాస్తారో, లోపలికి వెళ్లే ప్రతి మనిషి నెత్తి మీదా ట్యాగున్న లైటు ఉండాలని కూడా అంతే వివరంగా రాయాలి. దాని ఖర్చును కాంట్రాక్టరు దయకు వదలకుండా అంచనాలోనే చూపించాలి.